పడవలో పెట్టడానికి ఏ ఇంజన్: డీజిలా, పెట్రోలా?

సఖినేటిపల్లి నుంచి:
మాకు 24 అడుగుల చెక్క పడవ ఉందండి. వసిష్ఠ పాయలో కొబ్బరికాయలు, ఎరువు బస్తాలు వేస్తాం. వారానికి నాలుగైదు రోజులు తిరుగుతుంది. పాత కారు పెట్రోల్ ఇంజన్ ఒకటి చవగ్గా వస్తోంది. డీజిల్‌ది కొనాలంటే దానికి రెండింతలు పైనే. చవకది పెట్టేద్దామని మా తమ్ముడు, వద్దని నేను. తెలిసినవాళ్లు చెప్పండి.

నరసాపురం మెకానిక్:
మీ మాటే వినమనండి. డబ్బు సంగతి తర్వాత, ముందు నిప్పు సంగతి. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో లీకైతే రోడ్డు మీద చెదిరిపోతుంది. పడవలో ఎక్కడికి పోతుంది? అడుగున, మనం నీళ్లు తోడే చోటే కూర్చుంటుంది. స్టార్టర్‌లో లేచే రవ్వ చాలు, పడవ పేలిపోవడానికి. పడవలకని చేసిన పెట్రోల్ ఇంజన్లలో ఆ రవ్వ బయటికి రాకుండా మూసి ఉంటుంది. ఆవిరి బయటికి లాగే ఫ్యాన్ పెడతారు, స్టార్ట్ చేసేముందు దాన్ని నాలుగు నిమిషాలు తిప్పాలి. కారు ఇంజన్‌కి ఇవేవీ ఉండవు.

ఇక ఉప్పుగాలి. పెట్రోల్ ఇంజన్‌లో రవ్వ పుట్టించే ప్లగ్గులు, కాయిల్ ఆ గాలికి పాడవుతాయి. డీజిల్‌కి అవి ఉండవు, ఒత్తిడి వేడికే మండుతుంది. అంతర్వేది వైపు పోటు నీళ్లలో తిరిగేవాళ్లకి అదెంత సుఖమో అడిగి చూడండి.

యానాం నుంచి:
పెట్రోల్‌ని మరీ అంత తీసెయ్యకండి మేస్త్రీ గారూ. బరువు తక్కువ, చప్పుడు తక్కువ. నెలకోసారి షికారుకి తీసే ఫైబర్ బోటుకి డీజిల్ దండగ కదా?

మెకానిక్:
షికారుకైతే ఒప్పుకుంటానండి. కాకపోతే ఇప్పుడు బంకు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది. నెలంతా ఊరికే ఉంచితే, నీళ్లు ఎక్కువైనప్పుడు విడిపోయి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది.

బస్తాల పడవకి కావలసింది వేగం కాదు, లాగుడు. ఆ సైజు బరువు పడవ ఎంత ఇంజన్ పెట్టినా గంటకు 12 కి.మీ. దాటడం కష్టం. డీజిల్ నెమ్మదిగా తిరుగుతూనే పెద్ద ప్రొపెల్లర్‌ని లాగేస్తుంది, తాగేదీ తక్కువే.

సఖినేటిపల్లి నుంచి:
సెకండ్‌హ్యాండ్ డీజిల్ చూడొచ్చాండి?

మెకానిక్:
నిరభ్యంతరంగా. చల్లగా ఉన్న ఇంజన్‌ని మీ ఎదురుగానే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలటీ రంగులో ఉందా, లోపలికి నీళ్లు దిగాయి, బేరం ఆడకుండా వచ్చెయ్యండి. కొన్నాక డీజిల్ లైన్లో నీళ్లు వేరుచేసే ఫిల్టర్ బిగించండి. పడవ కట్టేసి ఉంచే రోజుల్లో ట్యాంకు నిండుగా ఉండాలి, సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ దిగి డీజిల్‌లో నాచులాంటి జిగురు పడుతుంది.

సఖినేటిపల్లి నుంచి:
కారు ఇంజన్ వద్దని ఫోన్ చేసేశాం. తమ్ముడు ముందే ఇచ్చొచ్చిన వెయ్యి మాత్రం తిరిగి రాదట.