ప్రవరుడికి కలిగినది ‘సిద్ధి’ అవుతుందా?

ప్రశ్న:
మనుచరిత్రలోని ప్రవరుడి కథను హైస్కూలు విద్యార్థుల కోసం సరళమైన వచనంలో రాస్తున్నాను. సిద్ధుడు ఇచ్చిన పాదలేపంతో ప్రవరుడు హిమాలయానికి చేరుకునే ఘట్టంలో “కోరిన చోటికి వెంటనే వెళ్లగల సిద్ధి అతనికి కలిగింది” అని రాశాను. చదివిన మిత్రుడొకరు అది సిద్ధి కాదనీ, అక్కడ ‘మహిమ’ అనాలనీ అన్నారు. నిఘంటువులో చూస్తే సిద్ధికి నెరవేరడం, ఫలించడం అన్న అర్థాలే ముందు కనిపిస్తున్నాయి. మానవమాత్రులకు లేని శక్తిని చెప్పేటప్పుడు ఈ మాటను ఎంతవరకు వాడవచ్చు? ‘అమానుష శక్తి’, ‘అతీంద్రియ శక్తి’ అన్నవి దీనికి బదులుగా సరిపోతాయా?

మొదటి సమాధానం:
మీ మిత్రుడి మాటే సరైనదని నా అభిప్రాయం. నిఘంటువు ముందుగా చెప్పిన అర్థమే ఇక్కడ కీలకం. సాధన, సాధ్యం, సిద్ధి ఒకే కుటుంబానికి చెందిన మాటలు. కార్యసిద్ధిలో ఉన్నదీ, మంత్రసిద్ధిలో ఉన్నదీ ఒకే సిద్ధి. తెలుగు వాక్యంలో దీని నడక గమనించండి. “ఆయన మంత్రాన్ని సిద్ధించాడు” అని ఎవరూ అనరు, “ఆయనకు మంత్రం సిద్ధించింది” అంటారు. సాధన చేసేది మనిషే అయినా, అది పండి అతనికి దక్కినప్పుడే దానికి ఆ పేరు. అణిమ, మహిమ, గరిమ, లఘిమ, ప్రాప్తి, ప్రాకామ్యం, ఈశిత్వం, వశిత్వం అనే ఎనిమిదింటినీ అష్టసిద్ధులు అనడంలోనూ ఈ భావమే ఉంది.

ఆ జాబితాలో మహిమ అంటే శరీరాన్ని ఎంతైనా పెంచగలగడం అనే ఒకానొక సిద్ధి మాత్రమే. తెలుగువారు ఆ మాటను చాలా దూరం తీసుకువెళ్లారు: క్షేత్ర మహిమ, రుద్రాక్ష మహిమ, చివరికి మందు మహిమ కూడా. వస్తువుకు మహిమ ఉంటుంది గాని సిద్ధి ఉండదు. కాబట్టి “పాదలేపం మహిమ వల్ల” అని రాస్తే చిక్కు తీరిపోతుంది.

రెండవ సమాధానం:
వస్తువుకు సిద్ధి ఉండదన్నది నిజమే గాని, వస్తువు ద్వారా సిద్ధి రాదని అనుకోకూడదు. పతంజలి యోగసూత్రాల నాలుగవ పాదం (అధ్యాయం) మొదటి సూత్రమే సిద్ధులు జన్మ వల్ల, ఓషధుల వల్ల, మంత్రం వల్ల, తపస్సు వల్ల, సమాధి వల్ల కలుగుతాయని చెబుతుంది. ఆ లెక్కన పాదలేపం ఓషధి సిద్ధికి చక్కని ఉదాహరణ, అయితే అది సిద్ధుడి విషయంలోనే. ఆ మందు ఎప్పుడు, ఎలా వాడాలో అతనికి తెలుసు. ప్రవరుడి కాళ్లకు పూసిన లేపం మంచుకు కరిగిపోయింది, దానితోపాటే శక్తీ పోయింది, అతను కొండ మీద దారి తెలియక నిలబడిపోయాడు. అరువు సొమ్ములాంటి ఆ శక్తిని సిద్ధి అంటే, కథకు ఆయువుపట్టయిన ఆ మలుపును విద్యార్థులు అందుకోలేరు.

మూడవ సమాధానం:
బౌద్ధుల వాడుకను కూడా చెప్పాలి. పాళీలో ఈ శక్తులను ‘ఇద్ధి’ అంటారు. అది సంస్కృతంలోని ఋద్ధి, అంటే సమృద్ధి. దివ్యచక్షువు వంటివాటిని వర్ణించేటప్పుడు ‘మనుష్య పరిధిని దాటినది’ అనే విశేషణం వస్తుంది. భిక్షువుల నియమాలను చెప్పే వినయపిటకంలో ‘ఉత్తరిమనుస్సధమ్మ’ అనే మాట ఉంది. మామూలు మనిషి స్థితిని మించినది అని దాని అర్థం; అందులో ధ్యానాలు, మార్గఫలాలు (నిర్వాణ మార్గంలో చేరుకునే దశలు) కూడా చేరతాయి. అటువంటి స్థితి తనకు లేదని తెలిసీ ఉందని చెప్పుకున్న భిక్షువును సంఘం నుంచి శాశ్వతంగా తొలగించే నియమం ఉంది. కరవు కాలంలో కొందరు భిక్షువులు గృహస్థుల ముందు ఒకరి గొప్పలు ఒకరు చెప్పి మంచి భోజనాలు సంపాదించుకోవడం దీనికి కారణమని వినయం చెబుతుంది. ఉన్న శక్తినైనా గృహస్థుల ముందు ప్రదర్శించకూడదు. గంధపు చెక్క పాత్ర కోసం గాలిలోకి లేచిన పిండోల భారద్వాజుడిని బుద్ధుడు మందలించిన కథ ఆ నియమానికి సంబంధించినదే.

యోగసూత్రాలలోనూ ఇటువంటి హెచ్చరికే ఉంది. బయటి లోకానికి సిద్ధులుగా కనిపించేవి సమాధికి ఆటంకాలని మూడవ పాదం స్పష్టంగా అంటుంది. సిద్ధి అన్న మాటను కేవలం పొగడ్తగా వాడేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును.

నాలుగవ సమాధానం:
‘అమానుష’ వద్దు. మానుషం కానిది అనే అర్థంలో దైవసంబంధమైన విషయాలకు కూడా ఆ మాట చెల్లేది గాని, నేటి పత్రికల వాడుకలో అమానుషం అంటే క్రూరత్వమే. ‘అతీంద్రియం’ ఇంద్రియాలకు అందనిది. ఎక్కడో దూరాన ఉన్నవాటిని చూడగలగడం వంటివాటికి సరిపోతుంది గాని నడకకు సరిపోదు. తప్పనిసరైతే ‘అతిమానుష’ అనండి. సందర్భం వచ్చింది కనుక మరొక మాట: అన్నది జరిగే శక్తిని వాక్శుద్ధి అని రాస్తున్నారు, అది వాక్సిద్ధి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. ‘మహిమ’ అనే మారుస్తాను. అయితే వరూధినిని నిరాకరించిన తరువాత ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి, ఆ బలంతో ఇల్లు చేరతాడు కదా, దానిని సిద్ధి అనవచ్చునా?

రెండవ సమాధానమిచ్చినవారు:
అనవచ్చుననే నా మొగ్గు. నిత్యాగ్నిహోత్రం అతను రోజూ తప్పకుండా చేసిన సాధన, ఆపదలో ఫలించింది. అయినా అడిగి పొందినది కనుక ‘అగ్నిదేవుడి అనుగ్రహం’ అంటే ఎవరూ ఆక్షేపించలేరు, పిల్లలకూ సులువుగా అర్థమవుతుంది.