కోడికూర పులుసన్నం పిల్లికూనలకు పెట్టొచ్చా?

పటమట మేడమీద: మా మెట్ల కింద పిల్లి మూడు కూనల్ని పెట్టింది. ఇప్పుడిప్పుడే తల్లిపాలు మానుతున్నాయి. మేం తినే కోడికూర పులుసే అన్నంలో కలిపి పెడుతున్నాం. ఎదురింటావిడ ఉల్లిపాయ పిల్లులకు విషం అంటోంది. నిజమేనా?

వన్‌టౌన్ బాబాయ్: తాతల నాటి నుంచీ మా ఇంటి పిల్లులు చేపల పులుసన్నమే తిన్నాయి. ఒక్కదానికీ ఏమీ కాలేదు. ఇదంతా ప్యాకెట్లు అమ్ముకునేవాళ్ల ప్రచారం.

బ్రాడీపేట: ప్యాకెట్ల మీద అనుమానం నాకూ ఉంది బాబాయ్ గారూ. మెత్తటి పిల్లితిండి ఎండిపోకుండా ఒకప్పుడు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపేవాళ్లు. అది పిల్లుల ఎర్రకణాలను దెబ్బతీస్తోందని తేలాక 1996లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లితిండిలో దాన్ని నిషేధించింది. కుక్కల తిండికి ఆ నిషేధం లేదు, కాబట్టి చవగ్గా వస్తుందని కుక్కల ప్యాకెట్ తెచ్చి పిల్లికి పెట్టొద్దు.

ఉల్లి మాత్రం కంపెనీలు పుట్టించిన భయం కాదు. ఉల్లి, వెల్లుల్లిలోని గంధకపు పదార్థాల వల్ల ఎర్రకణంలోని హిమోగ్లోబిన్ చెడి ముద్దకడుతుంది. ఆ ముద్దల్నే హైంజ్ బాడీలంటారు. హిమోగ్లోబిన్‌లో ఇలా దెబ్బ తగిలే చోట్లు మనిషికి 2 ఉంటే పిల్లికి 8. పైగా చెడిన కణాలను ఏరి శుభ్రం చేయడంలో పిల్లి ప్లీహం అంత చురుకు కాదు. కొద్దిపాటి హైంజ్ బాడీలు ఆరోగ్యంగా ఉన్న పిల్లిలోనూ కనిపిస్తాయి. అవి పెరిగి కణాలు పగిలితేనే రక్తహీనత.

కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, పిల్లి రక్తంలో మార్పు రావడానికి. అరకిలో కూనకు లెక్కేసుకోండి! ఉడికించినా, వేయించినా, పొడి కొట్టినా ఆ గుణం పోదు. మన అల్లంవెల్లుల్లి ముద్ద ఇంకో మెట్టు పైన. ఇక ‘ఏమీ కాలేదు’ అంటే ఎలా తెలుస్తుంది? తిన్న కొన్ని రోజులకు గానీ నీరసం బయటపడదు. అప్పుడు దాన్ని పులుసుతో ముడిపెట్టేదెవరు?

వన్‌టౌన్ బాబాయ్: ఉల్లి ముక్కలు అవి తినవయ్యా, పక్కకు నెట్టేస్తాయి.

బ్రాడీపేట: పులుసులోకి దిగిన సారం ఎక్కడికి పోతుందండీ! ఉప్పు, మసాలా పడకముందే నాలుగు ముక్కలు తీసి ఉడికించి పెడితే పనైపోతుంది. చేపైతే ముల్లు తీయాలి. రోజూ చేపే వద్దు, ఎర్రకణాలను కాపాడే విటమిన్ ఈ చాలకుండా పోతుంది. కోడి మాంసం, గుండెకాయ, అప్పుడప్పుడు కొంచెం కార్జం మార్చి మార్చి పెట్టండి. రోజుల తరబడి ఇంటి తిండే అయితే డాక్టర్‌ని అడిగే పెట్టాలి.

పటమట మేడమీద: వాటిలో చిన్నదాని చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. పులుసు వల్లేనా?

బ్రాడీపేట: అలా తేల్చేయలేం. కూనల్లో రక్తం తగ్గడానికి ఒంటిమీద బొచ్చులో దాగి రక్తం పీల్చే ఫ్లీలనే చిన్న పురుగులు, కడుపులో రక్తం తాగే కొంకిపురుగులు కూడా పెద్ద కారణాలు. బొచ్చు విడదీసి చూడండి, కానీ ఇంట్లో ఉన్న మందులేవీ వేయొద్దు. ముఖ్యంగా పారాసిటమాల్, అది కూడా పిల్లి ఎర్రకణాలనే చంపుతుంది. పులుసు ఇవాళే ఆపేసి, దాన్ని పశువుల ఆసుపత్రిలో చూపించండి. ఏం తిన్నదో దాచకుండా చెప్పండి.