చర్చిలో సమర్పించిన పూలను ఫోటో తీయవచ్చా?

ప్రశ్న అడిగినవారు: ఈస్టర్ మరునాడు ఒక పాత చర్చికి వెళ్లాను. పీఠం పక్కన ఎవరో పెట్టి వెళ్లిన తెల్ల లిల్లీలపై రంగుటద్దాల వెలుగు పడుతుంటే ఫోటో తీయబోయాను. అక్కడున్న పెద్దాయన "అవి దేవునికి ఇచ్చినవి బాబూ" అని వారించగా ఆగిపోయాను. ఆరాధన జరగని వేళ, ఎవరికీ అడ్డం రాకుండా పూలను తీయడంలో తప్పేముందో పెద్దలు చెప్పగలరు.

స్త్రీల మైత్రి సభ్యురాలు: మా సంఘంలో శనివారం సాయంత్రం పూలు అమర్చేవాళ్లలో నేనూ ఒకరిని. ఫోటో తీయడం దోషమని నేను అనుకోను. ఆదివారం నిండుగా ఉన్న చామంతులు బుధవారానికి తలలు వాల్చేస్తాయి కాబట్టి, ఆ అమరిక నిలిచేది ఫోటోలోనే. మంచం పట్టి ఆరాధనకు రాలేని మా పెద్దమ్మలకు నేనే పంపుతుంటాను. అయితే పండుగకు సంఘమంతా కలిసి పెట్టిన పూలు వేరు, పోయిన తల్లి జ్ఞాపకార్థం ఒక ఇంటివారు చీటీ రాసి వదిలి వెళ్లిన గుత్తి వేరు. ఆ చీటీ మీద ఉన్నది వాళ్ల దుఃఖం. దానిని ఊరందరికీ చూపే హక్కు మనకు లేదు.

కథోలిక విశ్వాసి: అక్క గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, పూలను అందమైన వస్తువుగా మాత్రమే చూడటం నాకు బాధ కలిగిస్తుంది. మా పూజాగ్రంథపు సాధారణ ఉపదేశంలోని 305వ పేరా ప్రకారం, తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, పీఠాన్ని పూలతో అలంకరించరాదు. ఆ కాలపు నాలుగవ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు మాత్రమే మినహాయింపు. మిగతా కాలాల్లోనూ మితం పాటించాలనీ, పూలను పీఠంపై కాక దాని చుట్టూ ఉంచాలనీ అక్కడే ఉంది. వారాల తరబడి బోసిగా ఉన్న పీఠాన్ని చూసినవారికి ఈస్టర్ రాత్రి ఆ పూలు కనబడితే కలిగే సంతోషం ఏ ఫోటోకూ అందదు. తీసేవారు కనీసం అది ఏ రోజో, ఏ సందర్భమో రాయాలని నా మనవి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ లిల్లీల దగ్గర చీటీ ఉందో లేదో నేను గమనించనే లేదు. ఉన్నచోట దానిని పక్కకు తిప్పి, పూలను మాత్రమే తీయవచ్చునా?

స్త్రీల మైత్రి సభ్యురాలు: చీటీని ముట్టుకోవద్దు బాబూ. పెట్టినవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు అది పెట్టినట్టే కనిపించాలి. మీరే నిలబడే చోటు మార్చుకోండి; కుదరకపోతే పాస్టర్ గారిని అడగండి.