క్యూ ఉండాలి, పక్కన యు ఉండకూడదు

నిన్న రాత్రి మా అమ్మాయితో స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లీషు పదాలు పేర్చే ఆట) ఆడుతూ చివర్లో ఇరుక్కుపోయాను. చేతిలో క్యూ (Q) బిళ్ళ మిగిలింది. ఆ ఒక్క బిళ్ళకే 10 పాయింట్లు, వాడకుండా చేతిలో ఉంచుకుంటే అదే 10 మన స్కోరులోంచి పోతుంది, ముందు ఆట ముగించినవాళ్ళకి కలుస్తుంది. ఇంగ్లీషులో క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యు (U) ఉంటుంది కదా, ఆ యు బిళ్ళలు పెట్టె మొత్తంలో నాలుగే, నాలుగూ అప్పటికే బోర్డెక్కేశాయి. ఇక నా వల్ల కాదని చేతులెత్తేస్తే, అది నా పలక వైపు తొంగిచూసి "నాన్నా, ఐ ఉందిగా, క్యూ ఐ పెట్టెయ్" అంది. క్యూ, ఐ, అంతే. చైనా వాళ్ళ 'చీ', ప్రాణశక్తి అని అర్థం. అమెరికా ఆటగాళ్ళకి చెల్లే పదాల జాబితాలోకి 2006లో ఎక్కిందట. ఇన్నేళ్ళుగా ఆడుతున్నా ఈ సంగతి నాకు తెలీదు!

ఆట అయ్యాక నిద్ర పడితేగా. కంప్యూటర్‌లో పెద్ద పదాల జాబితా ఒకటి ఉంటే తీసి వెతకడం మొదలుపెట్టాను. ముందు "క్యూ ఉండాలి, యు అసలు ఉండకూడదు" అని అడిగాను. చాలానే వచ్చాయి గానీ బుర్ఖా రాలేదు, ఎందుకా అని చూస్తే దాని స్పెల్లింగ్ బి, యు, ఆర్, క్యూ, ఎ. యు ఉంది, కాకపోతే క్యూ పక్కన కాదు. సరేనని "క్యూ తర్వాత యు కాని ఇంకో అక్షరం ఉండాలి" అని మార్చాను. ఈసారి బుర్ఖా వచ్చింది, తలాక్ మాయమైంది! అది క్యూతోనే అయిపోతుంది, తర్వాత అక్షరమే లేదు, లేని అక్షరం యు కాకుండా ఎలా ఉంటుంది? సంత అనే అర్థమున్న సుక్ (ఎస్, యు, క్యూ) అయితే రెండుసార్లూ తప్పించుకుంది. చివరికి "క్యూ తర్వాత యు కాని అక్షరమైనా ఉండాలి, లేదా పదం అక్కడితో అయిపోవాలి" అంటే గానీ అన్నీ దొరకలేదు. ఇరాక్, ఖతార్ లాంటి దేశాల పేర్లు ఆటలో ఎలాగూ చెల్లవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వచ్చిన జాబితా చూస్తుంటే సగం పదాలు నాకు నిఘంటువు తీయక్కర్లేకుండా తెలిసినవే. ఫకీరు, బుర్ఖా, నిఖాబ్, తలాక్, ఖవ్వాలి, ఖాజీ. అన్నీ అరబ్బీ 'ఖాఫ్' అక్షరం ఉన్నవి, దాన్ని ఇంగ్లీషులో క్యూతో రాస్తారు. మిగతావాటిలో ఎస్కిమోల పడవ ఒకటి, యెమెన్‌లో నమిలే ఆకు ఒకటి, దక్షిణాఫ్రికా సంగీతం ఒకటి (జూలూ భాషలో క్యూ అంటే నాలుకతో టక్కుమనిపించే చప్పుడు). అచ్చంగా ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవి వెతికితే రెండే కనిపించాయి, కీబోర్డు మీద వరసగా ఉండే క్వెర్టీ, ట్రాంక్విలైజర్‌ని సగానికి నరికితే మిగిలిన ట్రాంక్. ఇవి ఇంగ్లీషు పదాలేనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు, జాబితాలో ఉన్నాయి, పాయింట్లు వస్తాయి, అంతే.

కానీ నా అనుమానం తెలుగు గురించి. ఇంగ్లీషులో ఒకే క్యూ ఉన్నచోట మనం ఫకీరుకి క, బుర్ఖాకి ఖ రాస్తాం. ఎందుకలా? తెలిసినవాళ్ళు కింద కామెంట్లలో చెప్పండి.

— హైదరాబాదీని కాబట్టి నేను చెప్పాలి. ఖాఫ్ అసలు గొంతు లోపల్నించి రావాల్సిన శబ్దం. దక్కనీలో, అంటే మా హైదరాబాదీ ఉర్దూలో, మేం దాన్ని ఖ చేసేస్తాం. కరీబ్ అనాల్సింది ఖరీబ్, కబూల్ అనాల్సింది ఖబూల్. లక్నో వాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. ఖీమా చూడండి, అదీ ఖాఫే. అదే వంటింట్లో కుర్మా కూడా ఖాఫే, దానికి మాత్రం మీరంతా క అంటారు. ఒకే దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద ఒకే అక్షరానికి రెండు గతులు.

— బాగా చెప్పారన్నా. నాకు తోచింది ఇది. పాత రోజుల్లోనే కచేరీ (సర్కారు ఆఫీసు) కాగితాల్లోంచి పల్లెకి దిగిపోయిన మాటలు క అయిపోయాయి. కౌలు (మాట ఇవ్వడం అనే 'ఖౌల్' నుంచి వచ్చింది), కిస్తీ, కలం, హక్కు, కరారు, బందూకు, కబ్జా. ఇవన్నీ ఖాఫ్ ఉన్నవే, కౌలు రైతుని అడిగితే ఇది అరబ్బీ అంటే నమ్మడు. ఖైదు, ఖాయం, ఇలాఖా మాత్రం ఖ నిలబెట్టుకున్నాయి. ఇదే సూత్రం అని నేననను, ఖైదు కూడా కచేరీ మాటే కదా.

— ఒక జాగ్రత్త. తెలుగులో ఖ కనిపించగానే ఇంగ్లీషులో క్యూ అనుకోకండి. ఖర్చు, ఖరీదు, ఖాళీ ఇవి వేరే అక్షరం, 'ఖే'. అదే ఖే ఉన్న ఖబర్ మన దగ్గర కబురు అయింది, అంటే బండి రెండువైపులా నడుస్తుంది. పెళ్ళి భోజనాల్లో కుర్బానీ కా మీఠా అంటారు చూడండి, అది ఖుబానీ, అంటే ఆప్రికాట్, ఖే అక్షరం. కుర్బానీకి, అంటే బలికి, ఆ స్వీటుకి సంబంధమే లేదు!

— ఇన్నాళ్ళూ బక్రీద్ స్వీటు అనుకున్నానండీ నేను.

— యు గురించి ఎవరూ చెప్పలేదేం? పాత ఇంగ్లీషులో క్వీన్‌ని సి, డబుల్యు పెట్టి రాసేవాళ్ళు. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక వాళ్ళ రాయసగాళ్ళు ఫ్రెంచి అలవాటు ప్రకారం క్యూ, యు జంటగా పెట్టేశారు. ఇంకో సరదా సంగతి, లాటిన్ క్యూ, అరబ్బీ ఖాఫ్ రెండూ ప్రాచీన కాలపు ఫినీషియన్ జాతి వాళ్ళ ఒకే అక్షరం నుంచి దిగినవి. ఆ అక్షరం పేరు ఖోఫ్, హీబ్రూలో ఇప్పటికీ అదే పేరు, దాన్ని కూడా బోర్డు మీద పెట్టుకోవచ్చు. క్యూ, ఓ, పి, హెచ్.

— పోస్టు పెట్టింది నేనే. ఖోఫ్ రాసి పెట్టుకున్నాను, అందరికీ థాంక్స్. ఇందాక ఇంకో ఆటలో క్యూ, ఎ, ఐ, డి పెట్టాను, మన ఖైదే కదా అని ధైర్యంగా. అమ్మాయి చాలెంజ్ చేసింది. చెల్లింది గానీ అర్థం ఖైదు కాదట, నాయకుడట, అరబ్బీలోనే అది వేరే మాటట. తెలిసినట్టు తల ఊపి 14 పాయింట్లు వేసుకున్నాను.

— మరి కబ్జాని క్యూతో పెడితే చెల్లుతుందా సార్?

— చూశానండీ, నా జాబితాలో క్యూతోనూ లేదు, కె తోనూ లేదు. బోర్డు మీద కబ్జా కుదరదు.