పిల్లలు తగ్గిన ఊరి బడిని పక్క ఊరి బడిలో కలపాలా?

చర్చాంశం: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పిల్లల సంఖ్య ఇరవైకి లోపు పడిపోయినప్పుడు ఆ బడిని మూసి దగ్గరి బడిలో విలీనం చేయడం సమంజసమా?

పరకాల ఎస్జీటీ

సెకండరీ గ్రేడ్ టీచరుగా (ఎస్జీటీ) పనిచేస్తున్న నా అభిప్రాయం, విలీనం జరగాలన్నదే. కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2024–25లో దేశంలో 14.71 లక్షల బడులు, 24.69 కోట్ల మంది విద్యార్థులు ఉన్నారు, ఉపాధ్యాయుల సంఖ్య కోటి దాటింది. అయినా 1,04,125 బడులు ఒక్క టీచరుతోనే నడుస్తున్నాయి. ఒక్క విద్యార్థి కూడా లేని బడులు 7,993 ఉండగా, పశ్చిమ బెంగాల్ తర్వాత అవి ఎక్కువగా ఉన్నది మన తెలంగాణలోనే, 2,245.

నేను పనిచేసే బడిలో పదిహేడు మంది పిల్లలు, ఐదు తరగతులు ఉన్నాయి, టీచరును నేనొక్కడినే. నల్లబల్లను సుద్దగీతలతో మూడు భాగాలు చేసి, ఒక భాగంలో గుణింతం, ఇంకో భాగంలో తీసివేతలు, మూడో భాగంలో పెద్దపిల్లల పాఠంలోని ప్రశ్నలు రాసి పెడతాను. ఐదో తరగతి పాఠం అందుకునేలోపే ఒకటో తరగతిలో పలక పగిలిందని ఒకరు, బలపం గుంజుకున్నారని ఇంకొకరు లేచి వస్తారు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశం ఉన్ననాడు పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేస్తే బడి నడుస్తుంది, లేకపోతే నడవదు. మూడు కిలోమీటర్ల లోపల ఇలాంటి బడులే ఇంకా రెండున్నాయి. ముగ్గురం ఒక్కచోట చేరితే ఒకటి, రెండు తరగతులకు ఒకరు పూర్తిగా అంకితమై చదవడం, రాయడం నేర్పించగలుగుతారు. చదువు చెప్పే మనిషి లేని బడి ఊరి నడుమ ఉంటే పిల్లవాడికి ఒరిగేదేమిటో విలీనాన్ని వ్యతిరేకించేవారు చెప్పాలని కోరుతున్నాను.

కొత్తగూడ మండలం, తండా వాసి

సార్, మీ ఒంటరి కష్టాన్ని ఎవరూ కాదనరు. కానీ మీ ఊళ్ల నడుమ తారురోడ్డు ఉంది, మా తండాకూ పెద్ద బడి ఉన్న ఊరికీ నడుమ వాగు ఉంది. వానకాలంలో లోలెవల్ వంతెన మీదుగా నీళ్లు పారితే పెద్దవాళ్లమే ఒడ్డున నిలబడిపోతాం, ఆరేళ్ల పిల్లను ఎవరి చేతికి ఇచ్చి దాటించాలి? దూరంగా ఉన్న పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చునంటారు, కానీ ఆటోనే రాని దారికి ఆ భత్యం ఎందుకు పనికొస్తుంది? మైదాన ప్రాంతంలో సర్కారు బడి మూతపడితే పిల్లలు ప్రైవేటు వ్యాను ఎక్కుతారు, మా దగ్గర బడి మూతపడితే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఇంట్లోనే ఉండిపోతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూలులో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలని రాసి ఉంది. 2021లో మన రాష్ట్రం ఇచ్చిన జీవో 25 మాత్రం ఇరవై మంది లోపుంటే ఒక్కరే చాలన్నది. రెండో టీచరును ఇవ్వకుండా ఆపింది ప్రభుత్వం, చదువు నడవడం లేదని బడిని పోగొట్టుకోవాల్సింది మాత్రం తండా. ఇదెక్కడి న్యాయం?

హసన్‌పర్తి తల్లి

నా ఇద్దరు పిల్లలు ప్రైవేటు బడికే పోతున్నారు కాబట్టి సర్కారు బడికి పిల్లలను ఎందుకు పంపడం లేదో నేనే చెబితే బాగుంటుంది. ఇంగ్లిషు మీడియం కోసం పంపారని అందరూ అనుకుంటారు. కానీ 2022–23 నుంచి సర్కారు బడిలోనూ ఒకటో తరగతి నుంచే ఇంగ్లిషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిషులో ఉండే పుస్తకాలూ ఇచ్చారు. అయినా మేము పంపలేదు, ఎందుకంటే మా పెద్దోడిని మూడేళ్లప్పుడే నర్సరీలో వేశాం. నేను పొద్దున పనికి పోతాను, వాడిని సాయంత్రం దాకా చూసుకునే చోటు నాకు కావాలి. సర్కారు బడి వాడిని చేర్చుకునే వయసు వచ్చేసరికి వాడికి ప్రైవేటు బడిలో స్నేహితులు ఏర్పడ్డారు, వ్యాను అలవాటైంది. మళ్లీ మార్చడానికి మనసు ఒప్పలేదు.

హన్మకొండ, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు

ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన మాట హసన్‌పర్తి చెల్లెమ్మ చెప్పిందని నేను భావిస్తున్నాను. పిల్లలు తగ్గారు కాబట్టి కలుపుదామా వద్దా అని మనం వాదించుకుంటున్నాం గానీ, ఎందుకు తగ్గారో అడగకుండా కలిపితే, కలిపిన బడి కూడా కొన్నేళ్లలో ఇదే స్థితికి వస్తుంది.

ఊరి బడికి రెండు వైపులా గండి పడింది. మూడేళ్ల వయసులో నర్సరీ పేరుతో పిల్లలు కింది నుంచి పోతారు. నాలుగో తరగతి పూర్తి కాగానే గురుకుల ప్రవేశ పరీక్ష రాసి, చదువులో ముందున్న పిల్లలు పై నుంచి పోతారు. గురుకులాలను నేను తప్పుబట్టడం లేదు. 1971లో సర్వేల్‌లో తొలి గురుకులానికి రూపమిచ్చినవారు మన లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు గారు. కూలీల ఇళ్ల నుంచి డాక్టర్లను, ఇంజనీర్లను తయారుచేసిన ఘనత ఆ సంస్థలకుంది. అయితే ఎంపికైన పిల్లలకు మంచి బడిని దూరంగా కట్టి, మిగిలినవారిని ఉన్నచోటే వదిలేయడం విద్యావిధానం అనిపించుకోదు. ఇరుగుపొరుగు పిల్లలంతా ఒకే బడిలో చదవాలని, జాతీయాదాయంలో ఆరు శాతం చదువుకు ఖర్చుపెట్టాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. ఆ రెండింటిలో ఏదీ నేటికీ నెరవేరలేదు.

చదువు స్థాయి గురించి ఎస్జీటీ గారి ఆందోళన నిజమైనదే. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే ప్రకారం, దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి వాచకం చదవగలిగిన పిల్లలు 2018లో 20.9 శాతం ఉంటే, కరోనా తర్వాత 2022లో 16.3 శాతానికి పడిపోయి, 2024లో 23.4 శాతానికి చేరారు. పెరిగినందుకు సంతోషమే కానీ, నలుగురిలో ముగ్గురికి పైగా పిల్లలు ఇంకా ఆ వాచకం చదవలేకపోతున్నారన్న బాధ దానికన్నా పెద్దది. చదవడం రాని పిల్లవాడికి నాలుగో తరగతి నుంచి సైన్సు, సాంఘికం, గణితంలో రాత లెక్కలు అన్నీ మూసిన తలుపులే అవుతాయి. అందుకే ఒకటి, రెండు తరగతులకు ప్రత్యేకంగా ఒక టీచరు ఉండటం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. భవనం, కంప్యూటరు, ప్రహరీగోడ ఆ తర్వాతే.

విలీనం చేసి చూసిన పక్క రాష్ట్రం అనుభవం మన ముందే ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్నది అక్కడ చెప్పిన కారణం, అది చెడ్డ ఆలోచనేమీ కాదు. కానీ ఊళ్లో మిగిలిన రెండు తరగతుల బడి మరీ చిన్నదైపోయింది, దూరమైందని తల్లిదండ్రులు ఎదురుతిరిగారు, 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దుచేసింది. దూరం సంగతి ముందే తేల్చకపోతే మంచి ఉద్దేశం కూడా నిలబడదని అక్కడే తెలిసింది.

కాబట్టి మైదానానికీ ఏజెన్సీకీ ఒకే సూత్రం పనికిరాదు. పరకాల, హసన్‌పర్తి వంటి చోట్ల మూడు బడులను కలిపి, తరగతికొక టీచరును, ప్రీ ప్రైమరీని, బడి ఖర్చుతోనే వాహనాన్ని ఇచ్చేటట్లయితే నేను విలీనాన్ని సమర్థిస్తాను. 2025–26లో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి, వాటిని అలా కలిపిన బడులకే మొదట ఇవ్వవచ్చు. కొత్తగూడ, గంగారం, తాడ్వాయి వంటి మండలాల్లో మాత్రం పదిమంది పిల్లలున్నా బడి అక్కడే ఉండాలి, రెండో టీచరును చట్టం ప్రకారం ఇవ్వాలి.

డీఎస్సీ అభ్యర్థి, హన్మకొండ

మేడం గారి షరతులు బాగానే ఉన్నాయి. అయితే విలీనం పేరు చెప్పినప్పుడల్లా పోస్టులు తగ్గుతాయన్న భయం మాలాంటి వాళ్లకు ఉంటుంది. 2024 డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) 11,062 పోస్టులకు ప్రకటన రావడానికి ముందు మా తోటివారు ఏళ్ల తరబడి గదులు అద్దెకు తీసుకొని చదివారు. మూడు బడులు కలిస్తే మూడు పోస్టులూ ఆ కలిసిన బడిలోనే ఉంటాయని, మిగులు పేరుతో ఇంకెక్కడికో తరలించబోమని ప్రభుత్వం ఉత్తర్వులోనే రాయాలి.

పరకాల ఎస్జీటీ

అభ్యర్థి గారు కోరిన హామీ న్యాయమైనదే, ఎందుకంటే ఆ హామీ లేకపోతే నేను అడుగుతున్న విలీనానికే అర్థం ఉండదు. ముగ్గురం కలిసిన ఏడాదికే ఒకరిని సర్దుబాటు పేరుతో తీసుకెళ్తే, సుమారు యాభై మంది పిల్లలతో ఇద్దరం మిగులుతాం. ఏజెన్సీ విషయంలో మేడం గారి మాటను అంగీకరిస్తున్నాను. కానీ రోడ్డున్న ఊళ్లలో ప్రతి షరతూ నెరవేరేదాకా ఆగుదామంటే మాత్రం ఒప్పుకోలేను. ఈరోజు ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు ఆ షరతులు నెరవేరేలోపు ఐదు పూర్తిచేసి వెళ్లిపోతాడు. టీచర్ల పోస్టులు, వాహనం, ఈ రెండూ రాతపూర్వకంగా ఖాయమైతే చాలు, మిగతావి కలిసిన తర్వాత సాధించుకోవచ్చు. గ్రామసభలో తల్లుల ఒప్పుకోలు తీసుకున్న తర్వాతే కలపాలన్నది నేను చేర్చే ఇంకో షరతు.

కొత్తగూడ మండలం, తండా వాసి

మా మండలాలను పక్కన పెట్టినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే రెండో టీచరు వస్తే మా సమస్య తీరిపోతుందని అనుకోవద్దు. మా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, పక్క గూడెం పిల్లలు కోయ మాట్లాడతారు. ఒకటో తరగతిలో వాళ్లకు తెలుగే కొత్త భాష, దాని మీద ఇప్పుడు ఇంగ్లిషు వచ్చి పడింది. విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలంటుంది, 2020 జాతీయ విద్యావిధానమూ కనీసం ఐదో తరగతి వరకు అదే మాట అంటుంది. మా తండాలో టీటీసీ (టీచరు శిక్షణ) చేసి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఉన్నారు. రెండో టీచరు పోస్టులో పిల్లల ఇంటిభాష తెలిసినవారికి ముందు అవకాశం ఇవ్వాలన్న షరతును కూడా చేర్చి, ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) పంపే వినతిపత్రంలో రాద్దాం. ముసాయిదా ఎవరైనా మొదలుపెడితే తండా తరఫున సంతకాలు నేను సేకరిస్తాను.