ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే ఉప ఎన్నిక కచ్చితంగా పెట్టాలా?

కార్ఖానా కుర్రాడు:
మాది సికింద్రాబాద్ కంటోన్మెంట్. 2023 ఫిబ్రవరిలో మా ఎమ్మెల్యే సాయన్న గారు చనిపోతే ఉప ఎన్నిక పెట్టలేదు, డిసెంబర్‌లో మామూలు ఎన్నికల ఫలితాలు వచ్చేదాకా మాకు ఎమ్మెల్యేనే లేరు. అప్పుడు గెలిచిన ఆయన కూతురు లాస్య నందిత గారు మూడు నెలలు నిండకుండానే రోడ్డు ప్రమాదంలో పోయారు. ఈసారి మాత్రం 2024 మే 13న, లోక్‌సభతో పాటే ఉప ఎన్నిక పెట్టేశారు. అదే సీటు, అప్పుడూ ఇప్పుడూ చావే కదా, మరి ఈ తేడా ఎందుకు? 2023లో అమ్మ ఆపరేషన్‌కి సీఎం సహాయనిధి కోసం ఎమ్మెల్యే లెటర్ కావాలన్నారు, ఎవరిని అడగాలో తెలియక నెల రోజులు తిరిగాను, అందుకే అడుగుతున్నా.

ఫారం 17సి:
1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 151ఏ అని ఒక సెక్షన్ ఉంది. సీటు ఖాళీ అయిన రోజు నుంచి 6 నెలల్లోపు ఉప ఎన్నిక జరపాలి. కానీ మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువ ఉంటే ఆ రూల్ వర్తించదు. సాయన్న గారు పోయింది ఫిబ్రవరి 19న, ఆ అసెంబ్లీ గడువు 2024 జనవరి 16, అంటే 11 నెలలు కూడా లేదు. లాస్య నందిత గారప్పుడు దాదాపు ఐదేళ్లు మిగిలి ఉంది కాబట్టి పెట్టక తప్పదు. గెలిచినవాళ్లకి వచ్చేది మాత్రం మిగిలిన కాలమే, కొత్తగా ఐదేళ్లు రావు.

పుణే తెలుగోడు:
ఏడాది మిగిలున్నా పెట్టని కేసు మా దగ్గర ఉంది. ఎంపీ గిరీశ్ బాపట్ 2023 మార్చిలో చనిపోయారు, లోక్‌సభకి ఇంకా ఏడాది పైనే ఉంది, అయినా ఎన్నికల సంఘం పెట్టలేదు. డిసెంబర్‌లో బాంబే హైకోర్టు వెంటనే పెట్టమంది, జనవరిలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది, ఈలోగా మామూలు ఎన్నికలే వచ్చేశాయి. అన్ని లక్షల మందికి అంతకాలం ఎంపీ లేకుండా చేయడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.

చౌటుప్పల్ అన్న:
మా మునుగోడుది వేరే కథ. ఇక్కడ ఎవరూ పోలేదు, 2022 ఆగస్టులో ఎమ్మెల్యే రాజీనామా చేసి పార్టీ మారితే నవంబర్ 3న ఎన్నిక వచ్చింది. 93 శాతం ఓట్లు పడ్డాయి! మంత్రులు ఊళ్లలోనే మకాం పెట్టారు, అంతకుముందు గానీ తర్వాత గానీ అంతమందిని మా వీధిలో చూడలేదు. ఏడాది దాటగానే మళ్లీ అందరికీ ఎన్నికలు. చావు వల్ల ఖాళీ అయితే ఎవరేం చేస్తారు, కావాలని ఖాళీ చేసినప్పుడు మాత్రం ఆ ఖర్చు ఎవరు భరించాలో చట్టంలో రాయాలి.

బోరబండ బస్తీ:
మా జూబ్లీహిల్స్‌లో 2025 నవంబర్ 11న పెడితే 48 శాతమే వేశారు, సెలవు ఇచ్చినా సరే. మూడేళ్లకే కదా అని మా బిల్డింగ్‌లో చాలామంది కిందికి కూడా దిగలేదు. మూడేళ్లంటే తక్కువా?

కార్ఖానా తమ్ముడూ, ఆ లెటర్ ఎంపీ గానీ ఎమ్మెల్సీ గానీ ఇచ్చినా సరిపోతుంది, ఇకముందు ఎవరైనా అడిగితే చెప్పు.

కార్ఖానా కుర్రాడు:
అయ్యో, ఈ మాట అప్పుడు ఒక్కరూ చెప్పలేదన్నా. చివరికి అప్పు చేసి కట్టాం, ఇంకా తీరుస్తూనే ఉన్నాం. అమ్మ బాగానే ఉంది. 151ఏ గురించి చెప్పినందుకు థాంక్స్, మా కాలనీ గ్రూపులో పెడతాను.