అప్‌డేట్: ఫుట్‌ప్రింట్ పాఠం ఎలా జరిగిందంటే

పదిహేనేళ్ల పిల్లలకి ఎకలాజికల్ ఫుట్‌ప్రింట్ (మనం వాడేవాటికి, వదిలే వ్యర్థాలకి ఎంత నేల, నీరు కావాలో చెప్పే లెక్క) గురించి ఉపన్యాసంలా కాకుండా ఎలా చెప్పాలని పోయిన నెల అడిగాను కదా. ముందు ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌తో మొదలుపెట్టాను. అదే పొరపాటు. అందరూ మీలా బతికితే మూడు భూగోళాలు కావాలని స్క్రీన్ మీద చూడగానే ఒకమ్మాయి మొహం చిన్నబోయింది. వెనక బెంచీవాళ్లేమో ఎవరికి ఎక్కువ భూములొచ్చాయో పోటీ పెట్టుకున్నారు!

మీలో ఒకరు చెప్పిన బీరువా చిట్కా పనిచేసింది. ఏడాదిగా వేసుకోని బట్టలు లెక్కపెట్టుకు రమ్మన్నాను. ఒకబ్బాయికి పదకొండు టీషర్టులు తేలాయి. ఒక్క కాటన్ టీషర్టుకి, పత్తి పండించడం దగ్గర్నుంచి, సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని చెప్పాను. వాడే గుణించాడు: 29,700. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్ల దగ్గరే గట్టి వాదన. చార్జింగ్ తగ్గిస్తే సరిపోదా అన్నారు. ఫోన్ వల్ల వచ్చే కార్బన్‌లో ఎక్కువ భాగం తయారీలోనే వచ్చేస్తుంది, ఉన్నదాన్నే ఇంకో రెండేళ్లు వాడటం అసలు పొదుపు అని ఒప్పించేసరికి పీరియడ్ అయిపోయింది.

బెల్ కొట్టాక ఒకడు అడిగాడు, "మీది ఎన్నో ఫోన్ టీచర్?" అని. నాలుగేళ్లలో మూడోది. చెప్పక తప్పలేదు.